వినబడని ప్రమాదం: చెవి కాసే కాపలాను ఎవరికి అప్పగించాలి?

వినికిడి తగ్గినవారికి చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా దాదాపు ఎప్పుడూ ఒక్కటే: కాస్త చూసుకుని నడవండి, నాలుగు వైపులా ఓ కన్నేసి ఉంచండి. సలహా ఇచ్చేవారి మంచి మనసును శంకించనక్కరలేదు గానీ, దాని వెనకున్న లెక్క మాత్రం తప్పు. చెవి చేస్తున్న పనినంతా కన్ను తన పనితో పాటే చేసుకుపోగలదనీ, అందుకు కొంచెం శ్రద్ధ పెంచుకుంటే సరిపోతుందనీ ఆ లెక్క. నిజానికి ప్రమాదాల విషయంలో చెవి మూడు వేర్వేరు పనులు చేస్తుంది. వీపు వెనక ఏం జరుగుతోందో చెప్పడం మొదటిది. మనసు మరో పనిలో మునిగి ఉన్నప్పుడు దాన్ని లాగి ఇటు తిప్పడం రెండోది. నిద్రలో కాపలా ఉండడం మూడోది. కన్ను మొదటి పనిని కొంతవరకు చేయగలదు, రెండోదాన్ని అలసిపోతూ చేస్తుంది, మూడోదాన్ని అసలు చేయలేదు. కాబట్టి వినబడని ప్రమాదాల నుంచి కాచుకోవాలంటే ఈ మూడింటిలో ఏ పనిని అలవాటుకు అప్పగించాలో, ఏ పనిని పరికరానికి అప్పగించాలో, ఏ పనిని తోటి మనుషుల చేతిలో పెట్టాలో ముందుగా తేల్చుకోవాలి.

ఇది కొద్దిమందికి సంబంధించిన విషయమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం చికిత్సో సహాయక పరికరాలో అవసరమయ్యేంత వినికిడి లోపం ఉన్నవారు ప్రపంచంలో దాదాపు 43 కోట్ల మంది. 2050 నాటికి ఏదో ఒక స్థాయిలో లోపం ఉన్నవారి సంఖ్య 250 కోట్లకు చేరవచ్చని అంచనా. వీరికి తోడు తాత్కాలికంగా వినికిడి కోల్పోయేవారు ఉన్నారు: చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచేవారు, హోరెత్తే యంత్రం పక్కన పనిచేసేవారు, గాఢనిద్రలో ఉన్నవారు. ఈ చివరి వర్గంలో రోజూ కొన్ని గంటలపాటు అందరమూ ఉంటాం.

రెండు కళ్లూ కలిసి ఒకేసారి చూడగలిగే మేర అడ్డంగా 180 డిగ్రీలకు కాస్త ఎక్కువ. అంటే చుట్టూ ఉన్న జాగాలో దాదాపు సగం ఎప్పుడూ వీపు వెనకే ఉంటుంది. కనబడే సగంలోనూ అక్షరాలు చదవగలిగినంత స్పష్టత నడిమధ్యన సుమారు రెండు డిగ్రీల మేరకే పరిమితం. మిగిలినదంతా కదలికలనూ వెలుగునీడలనూ పట్టుకునే మసక ప్రాంతం. చెవికి ముందు వెనకల తేడా లేదు, చీకటి అడ్డం కాదు, గోడ మలుపు కూడా పూర్తిగా అడ్డం కాదు. పైగా ఒక శబ్దం రెండు చెవులనూ చేరే సమయాల మధ్య ఉండే తేడాను బట్టి, సెకనులో వెయ్యో వంతు కూడా నిండని ఆ తేడాను బట్టి, మెదడు దిక్కును పోల్చుకుంటుంది. ఒక చెవి మాత్రమే పనిచేసేవారి ఇబ్బంది బయటివారికి తొందరగా అర్థం కాకపోవడానికి కారణం ఇదే. వారికి హారన్ వినబడుతుంది, ఏ వైపు నుంచో తెలియదు. ఉలిక్కిపడి పక్కకు జరిగితే, ఆ జరిగింది వాహనం వస్తున్న వైపే కావచ్చు. అందువల్ల వారు సహజంగా వచ్చే తత్తరపాటును అణచుకోవడం నేర్చుకోవాలి: శబ్దం వినగానే ఉన్నచోటనే ఆగి, రెండు వైపులా తల తిప్పి చూసి, ఆ తరువాతే అడుగు వేయాలి.

ఎంత చూసినా చాలకపోవడానికి మరో కారణం ధ్యాసకున్న హద్దు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాడార్ తెరల ముందు కూర్చునే సిబ్బంది గంటలు గడిచేకొద్దీ సంకేతాలను ఎందుకు వదిలేస్తున్నారో తేల్చడానికి నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పరీక్ష రూపొందించాడు. గడియారపు ముల్లు ఒకటి అంచెలంచెలుగా కదులుతూ ఉంటుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం ఒక అంచెకు బదులు రెండంచెలు దూకుతుంది. ఆ దూకుడును గుర్తించడమే పని. 1948లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం మొదటి అరగంట గడిచేసరికే గుర్తింపు చెప్పుకోదగినంత పడిపోయింది. అరుదుగా జరిగేదాని కోసం ఎడతెగకుండా కాచుకుని కూర్చోవడం మనిషి మెదడుకు చేతకాని పని. 'ఎప్పుడూ జాగ్రత్తగా ఉండండి' అనే సలహా సరిగ్గా ఆ చేతకాని పనినే చేయమంటుంది. చెవి ఉన్నవారు దాని కోసం కాచుకుని ఉండనక్కరలేదు. అవసరం పడ్డప్పుడు అదే పిలుస్తుంది. ఈ పిలుపును పోగొట్టుకున్న మనిషికి దాని బదులు చూపుతో తడుముకునే శ్రమను అంటగట్టి, ప్రమాదం జరిగినప్పుడు 'చూసుకోలేదు' అనడం న్యాయం కాదు.

చెవి పనిచేయనివారికి చూపు పదునెక్కుతుందన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. అందులో కొంత నిజం ఉంది. 1980ల నుంచి హెలెన్ నెవిల్, ఆ తరువాత డాఫ్నే బవేలియర్ తదితరులు చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, బాల్యం నుంచే వినికిడి లేక సైగల భాషలో పెరిగినవారికి చూపు సూక్ష్మత ఇతరులకంటే ఎక్కువేమీ ఉండదు గానీ, చూపు అంచుల్లో జరిగే కదలికలను ధ్యాస తొందరగా పట్టుకుంటుంది. అది ఏళ్ల తరబడి కుదిరిన అమరిక. అరవయ్యో ఏట వినికిడి తగ్గడం మొదలైన వ్యక్తికి ఆ సామర్థ్యం దానంతటదే వచ్చేస్తుందని అనుకోకూడదు. వీధిలో ఎక్కువ ప్రమాదం ఎదుర్కొనేది పుట్టు బధిరులకంటే కొత్తగా వినికిడి తగ్గినవారేనని నాకు అనిపించడానికి కారణం ఇదే: వారి అలవాట్లు ఇంకా వినే మనిషి అలవాట్లే. వెనక ఏమీ వినబడకపోతే వెనక ఏమీ లేదనే నమ్మకం వారి కాళ్లలోనే ఉండిపోతుంది.

రోజువారీ ప్రమాదాలకు పనికొచ్చేది ధ్యాసకంటే ముందుగా, నిలబడే చోటు. కాలిబాట లేని దారిలో వాహనాలకు ఎదురుగా నడిస్తే ముప్పు వీపు వెనక నుంచి కళ్ల ముందుకు మారుతుంది. మళ్లీ మళ్లీ తల తిప్పవలసిన అవసరం అక్కడితో తగ్గిపోతుంది. మలుపు మొదట్లోనో, ఆగి ఉన్న పెద్ద వాహనం చాటు నుంచో దాటడానికి బదులు నాలుగడుగులు ఎక్కువ నడిచి దూరం దాకా కనబడే చోట దాటడం కూడా ఇలాంటిదే. కూర్చునేటప్పుడు గోడకు వీపు ఆనించి తలుపు వైపు ముఖం పెట్టడం, వెనకవైపు ప్రతిఫలించే అద్దాలను వాడుకోవడం, సైకిలుకు అద్దం బిగించుకోవడం, ఇవన్నీ ఒక్కసారి చేసి వదిలేసే ఏర్పాట్లు. వాటికి నిమిష నిమిషం ధ్యాస ఖర్చు కాదు.

ఆగి ఉన్న వాహనాల వరుస పక్క నుంచి నడవడాన్ని దగ్గరగా పరిశీలిస్తే చూపు ఏం చేయగలదో తెలుస్తుంది. వెనక్కి వచ్చే లారీ చేసే బీప్ శబ్దం వినబడనివారికి ఆ వరుసలో ప్రతి వాహనమూ కదలబోయేదే. వాటన్నిటినీ ఒకేలా అనుమానిస్తే రెండు నిమిషాల్లో అలసిపోతారు. అనుభవమున్నవారు చూసేది మూడు నాలుగు గుర్తులనే: వెనక తెల్లదీపం వెలిగి ఉందా, సైలెన్సర్ గొట్టం దగ్గర గాలి అదురుతోందా, డ్రైవరు సీటులో తల కనబడుతోందా, ముందు చక్రం పక్కకు తిరిగి ఉందా. ఈ గుర్తుల్లో ఒక్కటీ లేని వాహనాన్ని వదిలేసి ముందుకు సాగుతారు. మరొక ఆధారం ఎదుటి మనుషుల ముఖాలు. ఎదురుగా వస్తున్న నలుగురూ ఒక్కసారిగా మీ భుజం మీదుగా వెనక్కి చూశారంటే అక్కడ ఏదో ఉందన్నమాట; ఏమిటా అని ఆలోచించే ముందు పక్కకు తప్పుకోవడమే మంచిది.

విద్యుత్ వాహనాలు వచ్చాక ఈ సమస్య అందరి నోటా నానింది. తక్కువ వేగంలో వాటి శబ్దం దాదాపు వినబడదు. గంటకు 20, 30 కిలోమీటర్లు దాటాక టైర్ల రాపిడి శబ్దమే మిగతావాటిని మించిపోతుంది కనుక తేడా తగ్గిపోతుంది. చూపులేనివారి సంఘాలు పట్టుబట్టడంతో కృత్రిమ శబ్దాన్ని తప్పనిసరి చేసే నియమాలు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి పరిధిలోని 138వ నిబంధన 2016లో రూపుదిద్దుకుంది; యూరోపియన్ యూనియన్ కొత్త నమూనాలకు 2019 జులై నుంచి, అమ్మే కొత్త విద్యుత్, హైబ్రిడ్ కార్లన్నిటికీ 2021 జులై నుంచి దాన్ని వర్తింపజేసింది. అది అవసరమైన నిబంధనే. అయితే పెట్రోలు కారుకూ విద్యుత్ కారుకూ తేడా ఎన్నడూ ఎరుగని బధిరులకు దానితో ఒరిగేదేమీ లేదు. వారికి ఉపయోగపడేవి వేగ పరిమితులు, వెలుతురు, మూల మలుపుల్లో చూపుకు అడ్డం తొలగించడం, పాదచారిని గుర్తించి దానంతటదే బ్రేకు వేసే వ్యవస్థలు. హెచ్చరికను పాదచారి చెవికి చేర్చడంకంటే వాహనాన్ని ఆపడం ఎప్పుడూ నమ్మకమైన మార్గం.

మూడో మార్గం తోడు. సైగల భాషలో మాట్లాడుకుంటూ పక్కపక్కన నడిచే ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకోక తప్పదు. అంటే ఎదుటి దారి మీద ఇద్దరి చూపూ పూర్తిగా ఉండదు. చూసేవారికి ఇది ప్రమాదకరంగా తోస్తుంది. జరిగేది వేరు: మాట్లాడుతున్న వ్యక్తి నడిచే దారిని, వినే వ్యక్తి, అంటే చూసే వ్యక్తి, తన చూపు అంచుతో కాచుకుంటూ ఉంటాడు, స్తంభమో గుంతో వస్తే మాట తెగకుండానే మోచేయి పట్టి పక్కకు జరుపుతాడు. ఈ అలవాట్లను గమనించి కట్టడాలకు వర్తింపజేసే ప్రయత్నం అమెరికాలో బధిరుల కోసం ఏర్పడిన గాలడెట్ విశ్వవిద్యాలయంలో 2000ల మధ్యలో 'డెఫ్‌స్పేస్' పేరుతో, వాస్తుశిల్పి హాన్సెల్ బౌమన్ చొరవతో మొదలైంది. ఇద్దరు సైగలు చేసుకుంటూ నడవగలిగేంత వెడల్పైన నడవాలు, మలుపు అవతల ఎవరు వస్తున్నారో కనబడేలా కోణం తీసేసిన మూలలు, గాజు పలకలు దాని సూత్రాల్లో కొన్ని. వీల్‌చైర్‌లో వచ్చేవారికీ, సామాను మోసుకుంటూ వచ్చేవారికీ కూడా అవి మేలే చేస్తాయి.

రైలు పట్టాల విషయంలో మాత్రం చూపును కూడా నమ్మకూడదు. చాలా పెద్ద వస్తువు వస్తున్నప్పుడు దాని వేగం అసలుకంటే తక్కువగా తోస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త హెర్షెల్ లైబోవిట్జ్ 1985లో వివరించాడు. దూరంగా కనబడే రైలు నెమ్మదిగా వస్తున్నట్లుంటుంది, దగ్గరికి వచ్చాక తప్పుకునే వ్యవధి ఉండదు. బరువైన రైలు ఆగడానికి కిలోమీటరుకు పైగా పట్టవచ్చు. పట్టాల అదురు కాళ్లకు తెలుస్తుందని కొందరు ధీమాగా చెబుతారు. అది ప్రాణాలు తీసే ధీమా. పట్టాల కింద పరిచే కంకర ప్రకంపనలను చాలావరకు మింగేస్తుంది. జంట పట్టాల దగ్గర ఒక రైలు వెళ్లగానే దాటబోయి, ఎదురు దిశలో వచ్చే రెండో రైలు కింద పడడం చెవులు బాగున్నవారికీ జరుగుతోంది, ఎందుకంటే మొదటి రైలు హోరు రెండోదాన్ని కప్పేస్తుంది.

ఇయర్‌ఫోన్ల మీద జరిగిన ఒక అధ్యయనం కూడా ఇటువైపే వేలు చూపుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పాదచారులకు అమెరికాలో 2004 నుంచి 2011 వరకు జరిగిన 116 ప్రమాదాలను మేరీలాండ్ పరిశోధకులు పరిశీలించి 2012లో ప్రచురించారు. వాటిలో సగానికి పైగా రైలు ఢీకొన్నవి. దాదాపు 70 శాతం మరణంతో ముగిశాయి. 29 శాతం సందర్భాల్లో ప్రమాదానికి ముందు హారనో సైరనో మోగినట్లు నమోదైంది. శబ్దం చిన్నగా పెట్టుకుంటే సరిపోతుందని అనుకోవడానికీ వీల్లేదు. 2011లో లండన్‌లో జేమ్స్ మక్‌డొనాల్డ్, నిల్లీ లావీ జరిపిన ప్రయోగాల్లో, తెర మీద కష్టమైన దృశ్య పనిలో మునిగినవారిలో ఎక్కువమంది స్పష్టంగా వినిపించిన ధ్వనినే గుర్తించలేకపోయారు. ఫోను తెరలో తల దూర్చి నడిచే మనిషి చెవుల్లో ఏమీ లేకపోయినా సగం చెవిటివాడే.

వినికిడి యంత్రం ఉంది కదా అనే భరోసాకు కూడా హద్దులున్నాయి. మాట స్పష్టంగా వినబడడం కోసం చాలా యంత్రాలు ఎదుటి నుంచి వచ్చే ధ్వనికి ప్రాధాన్యమిచ్చి వెనక నుంచి వచ్చేదాన్ని తగ్గిస్తాయి. సంభాషణకు అది వరం, వీధిలో అదే లోపం. చాలా యంత్రాల్లో వీధికి వేరే అమరిక పెట్టించుకోవచ్చు. ఆడియాలజిస్టును, అంటే వినికిడి నిపుణుణ్ని, అడిగితే చేసిపెడతారు, కానీ అడగాలని చాలామందికి తెలియదు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఆ యంత్రాలను రాత్రి తీసి పక్కన పెట్టేస్తారు. శస్త్రచికిత్సతో లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారు కూడా బయటి భాగాన్ని తీసేశాక సాధారణంగా ఏమీ వినలేరు.

అందుకే నిద్రను విడిగా చూడాలి. ఇక్కడ అలవాటు పనిచేయదు, తోడు పడుకున్నవారు కూడా నిద్రపోతారు, మిగిలేది పరికరం ఒక్కటే. పొగ వాసనకు మెలకువ వస్తుందిలే అనే ధైర్యం నిలబడేది కాదు: బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కాడన్, రేచల్ హెర్జ్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో గాఢనిద్రలో ఉన్నవారు ఘాటైన వాసనకు కూడా స్పందించలేదు. మరి పొగ అలారం మోగితే? మామూలు అలారం కూత దాదాపు 3,100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంటే బాగా కీచుగా. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా తినేసేది సరిగ్గా ఆ కీచు ధ్వనులనే. డెబ్బై ఏళ్ల వ్యక్తి ఎదుటివారితో చక్కగా మాట్లాడుతూ కూడా పక్క గదిలో మోగే అలారాన్ని వినలేకపోవచ్చు. ఆ సంగతి ఆయనకు తెలిసే అవకాశం కూడా తక్కువ. ఎందుకంటే పరీక్షించేటప్పుడు అలారం కింద నిలబడి, మెలకువగా ఉండి, యంత్రం చెవికి పెట్టుకుని బొత్తాం నొక్కుతారు. మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెళ్లు ఉండాలన్నది ఆ పరికరాలకు వాడే సాధారణ కొలత. మూసిన తలుపులు దాటి దిండు మీద తల దగ్గరికి చేరేసరికి అందులో ఎంతో భాగం పోతుంది.

ఈ చిక్కును విప్పిన పరిశోధన ఆస్ట్రేలియాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో డొరోతి బ్రక్, ఇయాన్ థామస్ చేశారు. పాక్షికంగా వినికిడి తగ్గినవారిని గాఢనిద్ర నుంచి లేపడానికి ఏది పనిచేస్తుందో వారు పోల్చి చూశారు. 520 హెర్ట్జ్ దగ్గర ఉండే మంద్రమైన చతురస్ర తరంగ ధ్వని, 75 డెసిబెళ్లు మించకుండానే, 92 శాతం మందిని లేపింది. మంచాన్నో దిండునో అదిరించే పరికరాలు 80 శాతానికి కాస్త పైన లేపాయి. మెరిసే దీపాలు లేపింది 27 శాతం మందినే. ఆ ధ్వని అంత బాగా పనిచేయడానికి కారణం దాని ఆకారంలో ఉంది: చతురస్ర తరంగంలో మూల ధ్వనితో పాటు దానికి మూడు రెట్లు, ఐదు రెట్లు పౌనఃపున్యం గల ధ్వనులు కూడా కలిసి ఉంటాయి, వినికిడి ఒక చోట పోయినా మరో చోట ఏదో ఒకటి తగులుతుంది. పిల్లల మీదా, మద్యం తాగి నిద్రపోయినవారి మీదా జరిపిన పరీక్షల్లో కూడా ఈ మంద్ర ధ్వనే మెరుగ్గా పనిచేసింది. అమెరికాలో అగ్నిప్రమాద హెచ్చరిక వ్యవస్థలకు వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రమాణం 2010 కూర్పు నుంచి పడకగదుల్లోని ఫైర్ అలారం వ్యవస్థలకు ఈ ధ్వనిని నిర్దేశించింది. ఇళ్లలో తగిలించే చవక అలారాలు మాత్రం ఇంకా చాలావరకు పాత కీచు కూతతోనే ఉన్నాయి.

మెరిసే దీపం గురించిన ఫలితం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, ఎందుకంటే 'బధిరుల కోసం' అనగానే కట్టడాల్లో ముందు పెట్టేది దాన్నే. మెలకువగా ఉన్నవారికి అది మంచి సంకేతమే. దుప్పటి ముసుగేసి గోడ వైపు తిరిగి పడుకున్నవారికి అది కనబడదు. పూర్తిగా వినబడనివారికి నిద్రలో నమ్మదగినది అదురే. అదిరించే పరికరంలోనూ తెగిపోగల లంకెలు చాలా ఉంటాయి: పొగను పట్టే అలారం, దాని నుంచి సంకేతాన్ని తీసుకునే రిసీవర్, దిండు కింద పెట్టే అదిరే చక్రం, ఆ రెండిటినీ కలిపే తీగ, కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ. ఆ చక్రం దిండు కింద నుంచి జారి గోడకూ మంచానికీ మధ్య పడిపోతే మిగిలిన లంకెలన్నీ సరిగా ఉన్నా ఫలితం సున్నా. కనుక దాన్ని పరీక్షించడమంటే బొత్తాం నొక్కి చూడడం కాదు. ఇంట్లో ఎవరినైనా, చెప్పకుండా, రాత్రి నిద్రలో ఉండగా మోగించమనడం. హోటల్‌లో దిగినప్పుడు రిసెప్షన్ దగ్గర చెప్పి ఉంచితే చాలనుకుంటారు. ఆ చెప్పడంలో తలుపు తట్టడం పనికిరాదనీ, తాళం తీసుకుని లోపలికి వచ్చి తట్టి లేపాలనీ కూడా చెప్పాలి.

కుక్కల గురించీ ఫోన్ల గురించీ క్లుప్తంగా చెబితే చాలు. వినికిడి సహాయక కుక్కలకు మామూలు శబ్దమైతే యజమానిని దాని దగ్గరికి తీసుకువెళ్లడం, ఫైర్ అలారమైతే అటు తీసుకువెళ్లకుండా అక్కడే నేల మీద పడుకుని ప్రమాదమని చెప్పడం నేర్పుతారు. ఐఫోన్లలోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ 2020 నుంచి అలారం, సైరన్, పసిబిడ్డ ఏడుపు వంటి శబ్దాలను గుర్తించి తెలియజేసే సదుపాయం ఉంది. ప్రాణాపాయ సందర్భాల్లో దీని మీద ఆధారపడవద్దని యాపిలే హెచ్చరిస్తుంది. కుళాయి కట్టేయడం మరిచిపోయామనో, తలుపు దగ్గర ఎవరో ఉన్నారనో తెలుసుకోవడానికి అది చాలా మేలు. ఇంట్లో గ్యాసు లీకైతే బుసబుస శబ్దం వినబడకపోయినా కలిపిన వాసన తెలుపుతుంది. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అలా తెలిసేది కాదు, దాన్ని పట్టే డిటెక్టరును కూడా పొగ అలారంతో పాటే దిండు కింది అదురుకు కలపాలి. ఈ రెండో పని మరిచిపోయేవారే ఎక్కువ.

అరుదైన ప్రమాదాల దగ్గరికి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. రోజూ జరగనిదానికి అలవాటు ఏర్పడదు. ముందే చేసిపెట్టిన ఏర్పాటు, ముందే తీసుకున్న నిర్ణయం మాత్రమే పనికొస్తాయి. పిడుగు దీనికి మంచి ఉదాహరణ. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి, మూడు సెకన్లకు కిలోమీటరు చొప్పున దూరం కట్టి, 30 సెకన్లలోపు అయితే లోపలికి వెళ్లాలన్నది వినేవారి సూత్రం. ఉరుము వినబడనివారికి ఆ లెక్కే లేదు. అందువల్ల వారి నియమం మరింత కచ్చితంగా ఉండాలి: మెరుపు కనబడితే దూరంతో పనిలేకుండా గట్టి కట్టడంలోకో మూసిన వాహనంలోకో వెళ్లాలి, చివరి మెరుపు తరువాత 30 నిమిషాలు బయటికి రాకూడదు. పట్టపగలు మెరుపు కంటికి ఆనకపోవచ్చు; గోపురంలా పెరిగే నల్లని మేఘమూ ఉన్నట్టుండి వీచే చల్లగాలీ వారికి ఉరుముతో సమానం. కొండవాగుల్లో ఆకస్మిక వరద హోరుతో వస్తుందంటారు. హోరు వినబడనివారు నీటి రంగును చూడాలి. తేటనీరు బురదగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం మొదలైనా, పైన వాన పడుతున్నట్లు కనబడినా వాగులో నుంచి గట్టెక్కాలి. సముద్ర తీరంలో నేల గట్టిగా గానీ చాలాసేపు గానీ కంపిస్తే, లేదా నీరు అసాధారణంగా వెనక్కి తగ్గితే, ఏ సైరన్ కోసమూ ఆగకుండా ఎత్తుకు పోవాలి. ఈ రెండు గుర్తులకూ చెవితో పనిలేదు.

అయితే ప్రకృతి ఇచ్చే గుర్తులు అన్నివేళలా అందవు. అధికారిక హెచ్చరిక అందాలి. 2011 మార్చి 11న జపాన్ తూర్పు తీరాన్ని సునామీ ముంచెత్తినప్పుడు, దెబ్బతిన్న ప్రాంతాల్లో వికలాంగుల మరణాల రేటు మొత్తం జనాభాలోని రేటుకు దాదాపు రెండింతలని తరువాతి సర్వేల్లో తేలింది. సైరన్లూ లౌడ్‌స్పీకర్లూ హెచ్చరిక వ్యవస్థకు వెన్నెముకగా ఉన్నచోట బధిరులకు ఆ వార్త పక్కింటివారి దయ మీద ఆధారపడి అందుతుంది. ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్న సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతి దీన్ని కొంత మార్చింది. ఒక టవరు పరిధిలో ఉన్న, ఆ పద్ధతికి తగిన ఫోన్లన్నిటికీ, నంబర్లు తెలియనక్కరలేకుండా, నెట్‌వర్క్ రద్దీతో నిమిత్తం లేకుండా, సందేశం ఒకేసారి ప్రత్యేకమైన అదురుతో చేరుతుంది. బల్ల మీద పెట్టిన ఫోను అదిరితే పక్క గదిలో ఉన్న బధిరుడికి ఏం తెలుస్తుందన్నది మిగిలిన ప్రశ్న. చేతి గడియారానికి ఆ హెచ్చరిక చేరుతుందో లేదో దాన్ని తయారుచేసినవారి అమరికను బట్టి ఉంటుంది కనుక, అధికారులు ప్రయోగాత్మకంగా సందేశం పంపే రోజున దాన్ని గమనించి పెట్టుకోవాలి. సందేశంలో రాసే భాష కూడా చిన్న విషయం కాదు. సైగల భాషే మాతృభాషగా పెరిగిన చాలామందికి రాత భాష రెండో భాష, అర్ధరాత్రి పొడవాటి వాక్యాలు వారిని ఆలస్యం చేస్తాయి.

ప్రమాదం వచ్చిపడ్డాక కూడా వినికిడి అవసరం తీరిపోదు, ముందస్తు సన్నాహాల్లో తరచూ జారిపోయేది ఈ భాగమే. కూలిన కట్టడంలో చిక్కుకున్నవారి కోసం రక్షణ సిబ్బంది యంత్రాలన్నీ ఆపి, గట్టిగా పిలిచి, జవాబు కోసం చెవి ఒగ్గుతారు. లోపల ఉన్న బధిరుడికి ఆ పిలుపూ తెలియదు, ఆ తరువాతి నిశ్శబ్దమూ తెలియదు. ఏ క్షణాన చప్పుడు చేస్తే బయటికి వినబడుతుందో అతనికి తెలిసే వీలు లేదు. కాబట్టి అతను శక్తిని పొదుపుగా వాడుతూ క్రమం తప్పని విరామాలతో గొట్టం మీదో గోడ మీదో కొడుతూనే ఉండాలి. మెడలో ఈల ఉంటే మరీ మంచిది. తరలింపు సమయంలో వెనక నుంచి ఆగమని అరిచే సిపాయికి ఆగని మనిషి ఎదురుతిరిగినవాడిలా కనబడతాడు. చేతులు ఎదుటివారికి కనబడేలా ఉంచి చెవిని చూపించడం, తాను వినలేనని పెద్ద అక్షరాల్లో రాసిన కార్డు పైజేబులో పెట్టుకోవడం ఆ అపార్థాన్ని తగ్గిస్తాయి. చీకట్లో పెదవుల కదలికా సైగలూ కూడా కనబడవు. అందువల్ల అత్యవసర సంచిలో రెండు టార్చిలు ఉండాలి, ఒకటి దారి చూసుకోవడానికి, రెండోది మాట్లాడుతున్నవారి ముఖం మీదా చేతుల మీదా వేయడానికి.